ఇద్దరి జట్టులోకి మూడో పిల్ల వచ్చినప్పుడు

ఒక తల్లి రాసి అడిగిన విషయం క్లుప్తంగా ఇదండి. రాజోలు వైపు ఊరు. పాపకి నాలుగున్నరేళ్ళు. పక్కింటి పాపతో ఏడాదిన్నరగా ఒకటే జట్టు, పొద్దున్న లేస్తే ఒకరి గుమ్మంలో ఒకరు. జూన్‌లో హైదరాబాద్ నుంచి ఎదురింట్లోకి ఒక కుటుంబం దిగింది, వాళ్ళమ్మాయిదీ ఇదే ఈడు. అప్పట్నుంచి ఈ పాప కొత్త పిల్లని తోసేస్తోంది, "నీ జట్టుండను పో" అంటోంది, పక్కింటి పాప గాజులు తెచ్చి దాచేసింది, సాయంత్రం ఇంటికొచ్చి ఉక్రోషంతో ఏడుస్తోంది. మామ్మగారేమో "దీనిది కుళ్ళుబోతు బుద్ధి, ఇప్పుడే తుంచాలి" అంటున్నారు. ఇది గుణమా, వయసా, ముగ్గుర్నీ కలిపి ఆడించడం ఎలా అని తల్లి ప్రశ్న. చివర్లో మాటవరసకి అన్నట్టు ఇంకో సంగతి రాశారు: పాప నాన్నగారు మార్చిలో కువైట్ వెళ్ళారని.

ముందు ఆ మొదటి అనుమానం. ఇది వయసేనమ్మా. తనకి కావలసిన మనిషి చూపు ఇంకొకరి మీదికి మళ్ళితే కలవరపడటం మాటలు రాకముందే మొదలవుతుంది. అమెరికాలో సిబిల్ హార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు నెలల పసివాళ్ళ ఎదురుగా తల్లులు ఒకసారి పుస్తకాన్ని, ఇంకోసారి నిజం పాపాయిలా ఉన్న బొమ్మని పట్టుకుని ముద్దుముద్దుగా మాట్లాడారు. బొమ్మతో మాట్లాడినప్పుడే పిల్లల్లో కలవరం ఎక్కువ కనిపించింది. మీ పాపకి ఇప్పుడు అదే కలవరం, కాకపోతే అమ్మ చోట స్నేహితురాలు. ఈ వయసులో స్నేహితురాలంటే ఇప్పుడు, ఈ నిమిషాన, నాతో ఆడుతున్న పిల్ల. పక్కింటి పాప గంటసేపు కొత్త పిల్లతో ఆడితే ఆ గంట తనకి జట్టే లేనట్టు. రేపు మళ్ళీ వస్తుందిలే అన్న మాట పెద్దవాళ్ళకి ఊరట, నాలుగేళ్ళ పిల్లకి కాదు.

వయసే కాబట్టి అదే పోతుందని మాత్రం వదిలేయకండి. చాలామందికి పోతుంది, నిజమే. కానీ ఆ లోపల ఏ పిల్ల ఎలాంటిదో వీధిలో పేర్లు పడిపోతాయి. మామ్మగారికి గౌరవంగానే ఒక మాట చెప్పండి: కుళ్ళుబోతు అన్న మాట పాప వినేలా ఓ నెల ఆపమని. పెట్టిన పేరుకి తగ్గట్టు నడుచుకోవడం పిల్లలకి చాలా తేలిక. పైగా ఆ మాట విన్న కొత్త పిల్ల రేపు అదే పేరుతో పిలుస్తుంది.

నేను చెప్పబోయేదంతా ఒక్క ఆలోచన మీద నడుస్తుంది. పిల్ల మనసు మార్చే పని పక్కన పెట్టి, ఆట మార్చండి. మీ పాప, పక్కింటి పాప ఏడాదిన్నరలో కట్టుకున్న ఆటలన్నీ ఇద్దరికి సరిపడేవి. అందులో మూడో మనిషి నిలబడ్డానికి జాగా లేదు. జాగా ఉన్న ఆట మీరు పెట్టిస్తే సగం గొడవ అక్కడే ఆగుతుంది.

అంతకుముందు ఒక రెండు సాయంత్రాలు ఏమీ చేయకుండా, తీర్పు చెప్పకుండా, పది పదిహేను నిమిషాలు చూడండి. రెండు విషయాలు కావాలి మీకు. ఒకటి, గొడవ మొదలైనప్పుడు మీ పాప చూపు ఎక్కడుంది? కొత్త పిల్ల చేతిలో ఉన్న స్కూటీ మీదో, మాట్లాడే బొమ్మ మీదో ఉంటే అది వస్తువు మీద ఆశ. అదే వస్తువు తన చేతికి పది నిమిషాలు రాగానే చల్లబడుతుంది, వంతులు పెడితే చాలు. వస్తువు చేతిలో ఉన్నా కళ్ళు పక్కింటి పాప వెంటే తిరుగుతుంటే అది మనిషి పోతుందన్న బెంగ. దానికి వస్తువు కొనిస్తే ఉపయోగం లేదు. మీరు రాసిన తీరు చూస్తే రెండోదే అనిపిస్తోంది, ఎందుకంటే దాచింది గాజులు. తన చేతికి పట్టని గాజులు దాచిన పిల్లకి కావలసింది గాజులు కాదు, వాటిని వెతుక్కుంటూ వచ్చే మనిషి. దాన్ని దొంగతనం అనకండి. ఆ రోజే పాపతో కలిసి వెళ్ళి, "గాజులు మా ఇంట్లో ఉన్నాయి, తెచ్చాం" అని ఇచ్చేసి వచ్చేయండి. రెండు నిమిషాల పని. వాకిట్లో నిలబెట్టి పంచాయితీ వద్దు.

చూడాల్సిన రెండో విషయం, గొడవ ఏ ఘడియలో వస్తోంది. ఎక్కువగా మూడు చోట్ల వస్తుంది: ఇద్దరూ ఆట మధ్యలో ఉండగా మూడో పిల్ల వచ్చినప్పుడు, తినుబండారాలు బయటికి వచ్చినప్పుడు, ఆట ముగిసి ఎవరు ఎవరితో వెళ్తున్నారో తేలేటప్పుడు. మొదటి దానికి కారణం తెలిస్తే మీకు కోపం తగ్గుతుంది. అమెరికాలోనూ ఇటలీలోనూ నర్సరీ పిల్లల మధ్య కూర్చుని ఏళ్ళ తరబడి గమనించిన సామాజిక శాస్త్రవేత్త విలియం కోర్సారో చెప్పిందేమంటే, ఈ వయసు పిల్లలు కొత్తవాళ్ళని రావద్దనడం చాలాసార్లు ఆ పిల్ల మీద ద్వేషంతో కాదు, నడుస్తున్న ఆటని కాపాడుకోవడానికి. ఇద్దరు చంటి పిల్లలు ఒక ఇల్లు కట్టుకుని, నువ్వు అమ్మ నేను అక్క అనుకుని, దానిలో మునగడానికి చాలాసేపు పడుతుంది. మూడో మనిషి వచ్చి "ఏం ఆడుతున్నారు?" అంటే చాలు, అంతా చెదిరిపోతుంది. అది వాళ్ళకి అనుభవంలో ఉంది. అందుకే "నువ్వు రాకు".

కనుక కొత్త పిల్ల ఎలా ప్రవేశిస్తోందన్నది మీ పాప ప్రవర్తనంత ముఖ్యం. పిల్లల మీద ఈ విషయంలో జరిగిన పరిశీలనలన్నీ దాదాపు ఒక్కటే చెబుతాయి. దూరంగా కాసేపు నిలబడి చూసి, పక్కనే అదే పని తనూ మొదలుపెట్టి, ఆటకి పనికొచ్చేదేదో చేసే పిల్లని ఎక్కువగా కలుపుకుంటారు. వచ్చీ రాగానే "నన్నూ ఆడించుకోండి" అని అడిగినా, "ఇలా కాదు, మా హైదరాబాద్‌లో ఇలా ఆడతాం" అన్నా తలుపు మూసుకుంటుంది. మన పెద్దవాళ్ళం నేర్పేది మాత్రం సరిగ్గా ఆ అడగడమే! ఎదురింటి ఆవిడతో మాట్లాడి, ఆ పాపకి ఇది నేర్పమనండి: ముందు చూడు, పక్కన కూర్చో, వాళ్ళు వంట చేస్తుంటే నువ్వూ ఓ ఆకు తుంచి తీసుకెళ్ళు. మీరు దగ్గరుంటే మీరే ఆ పాప చేతికి నాలుగు గోరింటాకు రెబ్బలో, ఒక కొబ్బరి చిప్పో ఇచ్చి "కూర వచ్చింది" అని పంపండి. అడగకుండానే చోటు దొరుకుతుంది.

ఇప్పుడు ముగ్గురి ఆట. సమయం ముందు తేల్చుకోండి. మధ్యాహ్నం పడుకుని లేచి, ఏదన్నా తిన్నాక, నాలుగున్నర ఆ ప్రాంతం మంచిది. ఆకలితోనో నిద్రముంచుకొచ్చో ఉన్న పిల్లల్ని కలిపితే ఏ పద్ధతీ పనిచేయదు. మొదటి వారం అరగంట, తర్వాత ముప్పావుగంట, అంతకు మించి వద్దు. ఇంకా ఆడాలని ఉండగానే ముగించడం మేలు. ఎవరో ఒకరు ఏడ్చాక ముగిస్తే రేపటికి ఆ ఏడుపే గుర్తుంటుంది. స్థలం మీ ఇంటి లోపల కాకుండా వీధి అరుగో, ఎవరిదీ కాని గుడి మండపమో చూడండి. తన ఇల్లు, తన బొమ్మలు అంటే కాపాడుకోవాల్సినవి ఎక్కువవుతాయి. ఇంట్లోనే తప్పకపోతే, వాళ్ళు రాకముందు "ఎవరికీ ఇవ్వలేనివి ఏవి?" అని పాపనే అడిగి రెండో మూడో బొమ్మలు బీరువాలో పెట్టించండి. మిగతావి పంచుకోవాలని అప్పుడే చెప్పాలి. వాళ్ళ ముందు చెబితే అది శిక్షలా వినిపిస్తుంది.

ఒక హెచ్చరిక ఇక్కడే. మన డెల్టాలో జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్ళు వదిలాక, వేసవిలో పిల్లలు ఆడుకున్న చోటే నీళ్ళు పారుతుంటాయి. చేపల చెరువులు సరేసరి. అలిగిన పిల్ల మాట్లాడకుండా ఒక్కర్తీ వెళ్ళిపోతుంది, కాలవగట్టు వైపో రేవు వైపో. ముగ్గురు కలిసి ఆడే తొలి వారాల్లో "వెళ్ళి ఆడుకోండి" అని బయటికి పంపేసి లోపల పని చూసుకోవద్దు. మీరు మాట్లాడకపోయినా ఫరవాలేదు, ముగ్గురూ కనిపించే చోట చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చోండి.

ఏ ఆటలు? చెమ్మచెక్క, చేతులు పట్టుకు తిరిగే ఒప్పులకుప్ప ఇద్దరి ఆటలు. మూడో పిల్ల చూస్తూ నిలబడాలి. కొన్ని వారాలు అవి ముగ్గురున్నప్పుడు వద్దు. ముంజికాయల బండి, సైకిలు కూడా అంతే, ముగ్గురికీ ఉంటే తియ్యండి, లేకపోతే లేదు. కాళ్ళాగజ్జా కంకాళమ్మ చక్కటి మొదలు. ముగ్గురూ కాళ్ళు చాపి వరసగా కూర్చుంటే ఆరు కాళ్ళు, పాట ఎక్కడ ఆగితే ఆ కాలు ముడవాలి. ఎవరు గెలవాలో పాట తేలుస్తుంది కాబట్టి ఎవరి పక్షమూ ఎవరూ వహించినట్టు ఉండదు. ఎవరి పక్కన ఎవరు అన్న తగువు వస్తుంది, ప్రతి పాటకీ మధ్యలో కూర్చునేవాళ్ళు మారాలని ముందే చెప్పేయండి. వీరీ వీరీ గుమ్మడిపండు కొత్త పిల్లకి పేర్లు అలవాటయ్యే ఆట, కానీ ముగ్గురితో నడవదు. ఒకరు కళ్ళు మూసి, ఒకరు మూయించుకుంటే మిగిలింది ఒక్కరే, పేరు చెప్పడానికి ఏముంది? వీధిలో ఇంకో ఇద్దరు పిల్లలు దొరికిన రోజు ఆడించండి. తువ్వాలు ఆట కూడా బాగుంటుంది: తలో కొస పట్టుకుని, నాలుగోది మీరు పట్టుకుని, మధ్యలో చిన్న బంతి వేసి కిందపడకుండా ఎగరేయడం. ఎవరు వదిలేసినా బంతి పడిపోతుంది, కాబట్టి ముగ్గురూ కావాల్సినవాళ్ళే. మూడు నిమిషాలకే విసుగొస్తుంది, ఫరవాలేదు.

వీటన్నిటికంటే గుజ్జనగూళ్ళు నేను ముందు పెడతాను. మీ పిల్లలిద్దరూ ఎలాగూ అదే ఆడుతుంటారు, దాన్ని కొంచెం పెద్దది చేయండి. ఇసక ఓ తట్టెడు, కొబ్బరి చిప్పలు ఆరేడు, ఒకే రకం మూతలు మూడు, ఆకులు, ఒకే ఒక పెద్ద గిన్నె. చిన్న వస్తువులు మూడేసి ఉండాలి, ఒక్క మూత తక్కువైనా దాని మీదే ఆట ఆగిపోతుంది. పెద్ద వస్తువు ఒకటే ఉండాలి, ముగ్గురి పనీ దానిలోకే రావాలి. ఇప్పుడు వేషాలు: వండే మనిషి, కొట్టు పెట్టుకుని సరుకులమ్మే మనిషి, చుట్టం. కొత్త పిల్లకి మొదటి రోజు చుట్టం వేషం ఇవ్వండి. చుట్టం మధ్యలో వచ్చినా కథ చెడదు, ఇంకా పెరుగుతుంది, వచ్చిన మనిషికి కాళ్ళకి నీళ్ళివ్వాలి, పీట వెయ్యాలి, విస్తరి పరచాలి. మీ పాప చేత మర్యాదలు చేయించడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు. రెండో రోజు మాత్రం వేషాలు మార్చండి. ఆ పిల్ల రోజూ చుట్టమే అయితే ఎప్పటికీ బయటిదే అవుతుంది. ఎవరు ఏ వేషమో మీరు పంచకండి. పంటలు వేసుకోమనండి, ఏ పిల్లకీ మీ మీద అనుమానం రాదు.

తొక్కుడు బిళ్ళ లాంటివి కొత్త పిల్లకి తెలియకపోవచ్చు. రెండు మూడు ఆటల వరకు ఆటలో అరటిపండుగా ఉంచండి, అవుట్ లెక్క లేకుండా. మన పాత పద్ధతిలో ఇంత మంచిది ఇంకోటి లేదు. అయితే సమాన వయసు పిల్లని వారాల తరబడి అరటిపండుగా ఉంచితే అది వెక్కిరింత అయిపోతుంది. రెండో సాయంత్రానికి నిజం ఆటలోకి తెచ్చేయాలి.

ఇక అసలు కిటుకు. ముగ్గురి మధ్య మూడు జతలుంటాయి కదా. మీ పాపకీ పక్కింటి పాపకీ గట్టిగా ఉంది. పక్కింటి పాపకీ కొత్త పిల్లకీ కొత్త మోజు. మీ పాపకీ కొత్త పిల్లకీ మధ్య ఏమీ లేదు. గొడవంతా ఆ ఖాళీలోంచి వస్తోంది. చాలామంది తల్లులు ముగ్గుర్నీ కలిపి కలిపి అలిసిపోతారు, ఈ జతని మాత్రం ఎప్పుడూ విడిగా కలపరు. వారానికి ఒకటి రెండుసార్లు, పక్కింటి పాప లేనప్పుడు, కొత్త పిల్లని అరగంట పిలవండి. బొమ్మలు వద్దు, పని పెట్టండి. కొబ్బరాకుతో గడియారాలు, కళ్ళజోళ్ళు చేయడం, పప్పుండలు చుట్టడం, మొక్కలకి నీళ్ళు పోయడం. ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకునే ఆట కంటే పక్కపక్కన కూర్చుని చేతులతో చేసే పని కొత్తవాళ్ళకి హాయిగా ఉంటుంది. ఆ అరగంటలో పక్కింటి పాప ఊసెత్తకండి. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల చేతికి తను చేసిన గడియారం ఇచ్చి పంపితే మర్నాడు అది కట్టుకొస్తుంది, మీ పాపకి చెప్పుకోవడానికి ఓ సంగతి ఉంటుంది.

అదే సమయంలో పాత జతని తెంచకండి. "ఇక అందరూ కలిసే ఆడాలి" అని ఆజ్ఞ వేస్తే పాప భయపడింది నిజమైపోతుంది. వారంలో రెండు రోజులు ఇద్దరే, రెండు రోజులు ముగ్గురు, మిగతా రోజులు ఎలా కుదిరితే అలా. ఇది పాపకి కనబడాలి. గోడ మీది క్యాలెండర్‌లో ఇద్దరి రోజున రెండు బొట్టుబిళ్ళలు, ముగ్గురి రోజున మూడు అంటించండి, పాప చేతనే. వారాల పేర్లు తెలియకపోయినా బిళ్ళలు లెక్కపెట్టుకుంటుంది. "ఈవేళ మూడు, రేపు రెండు" అని తనే చెప్పడం మొదలుపెట్టాక ఏడుపు తగ్గుతుంది. పెట్టిన రోజు తప్పించకండి. ఇద్దరి రోజున కొత్త పిల్ల గుమ్మంలోకి వస్తే ఆ పిల్లకి కూడా క్యాలెండర్ చూపించి, "రేపు మూడు బిళ్ళలు, రేపు నీ వంతు ఉంది" అని మర్యాదగా పంపండి. ఆ పూట మీరే ఆ పాపతో కాసేపు మాట్లాడితే ఇంకా మంచిది.

కొట్టడం, తోయడం జరిగినప్పుడు ఏం చేయాలి? ముందు దెబ్బ తగిలిన పిల్ల దగ్గరికి వెళ్ళండి. తర్వాత మీ పాప ముందు గొంతుక్కూర్చుని రెండే మాటలు: "తోయడం కుదరదు. ఆ పిల్లతో వెళ్ళిపోతుందేమోనని బెంగగా ఉందా?" అవునంటుంది, లేదా ఏడుస్తుంది. "బెంగొస్తే నా దగ్గరికొచ్చి నా కొంగు లాగు" అని ఒక గుర్తు ఇవ్వండి. ఉపన్యాసం వద్దు. "ఆ పిల్ల ఎంత బాధపడుతుందో ఆలోచించు" అన్నది కూడా ఈ వయసులో అంతగా ఎక్కదు. ఎదుటివాళ్ళ మనసులో తన మనసులో ఉన్నదానికంటే వేరేది ఉండొచ్చన్న ఊహ సుమారు నాలుగేళ్ళ దగ్గర కుదురుకుంటుందని 1983లో హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ చేసిన ప్రయోగం మొదలు చాలా పరిశోధనలు చెప్పాయి. మీ పాపకి ఆ ఊహ ఇప్పుడిప్పుడే వస్తోంది, కోపంలో ఉన్నప్పుడు అదీ పనిచేయదు. బలవంతంగా సారీ చెప్పించి చేతులు కలిపించడం కూడా మానండి. ఆ సారీతో పెద్దవాళ్ళ మనసు కుదుటపడుతుంది, అంతే. దానికి బదులు పని: పడగొట్టిన పొయ్యి మళ్ళీ పేర్చడం, మంచినీళ్ళు తెచ్చివ్వడం.

"నువ్వు రావద్దు" అన్న మాట దగ్గర నా అభిప్రాయం కొంతమందికి నచ్చదు. పిల్లలందరూ అందరితో ప్రాణస్నేహంగా ఉండాలని నేననను. మనం ఉంటున్నామా? ఇద్దరే ఆడుకోవాలనిపించడం తప్పు కాదు. కొట్టడం, వెక్కిరించడం, పొమ్మని తరమడం తప్పు. అందుకని ఈ నియమం పెట్టండి: ఈ ఆటలో చోటు లేదనుకుంటే, ఏ ఆటలో ఉందో చెప్పాలి. "ఇది అయ్యాక దాగుడుమూతలు, దానికి రా." నాలుగున్నరేళ్ళ పిల్ల ఇది నేర్చుకోగలదు. కటీఫ్‌లని మాత్రం పట్టించుకోకండి, పది నిమిషాలకి మళ్ళీ జట్టు కడతారు. మీరు మధ్యలో దూరితే రెండు ఇళ్ళ మధ్య కటీఫ్ అవుతుంది, అది అంత తొందరగా పోదు.

పెద్దవాళ్ళు మానాల్సినవి రెండున్నాయి. మన ఇళ్ళల్లో పిల్లల్ని ఉడికించడం సరదా. "మీ అమ్మ మాకే, నీకివ్వం", "నేను ఈ పాపనే ఎత్తుకుంటా, నువ్వొద్దు పో". బుంగమూతి పెట్టి పరుగెత్తుకొస్తే అందరూ నవ్వుతారు. మామూలు రోజుల్లో పిల్ల తట్టుకుంటుందేమో గానీ, ఇప్పుడు పాప భయపడుతున్నది సరిగ్గా అదే, దాన్నే ఆటపట్టిస్తే మందు వేయాల్సిన చోట కారం పూసినట్టు. బాబాయిలకీ అత్తలకీ అందరికీ చెప్పి పెట్టండి. రెండోది పోలిక: "చూడు, ఆ పిల్ల ఎంత బుద్ధిగా అన్నం తింటోందో." కొత్త పిల్లని మీ పాపకి శత్రువుగా చేయాలంటే ఇదొక్కటి చాలు.

తిండి దగ్గర కూడా జాగ్రత్త. ముగ్గురికీ ఒకే రకం గిన్నెలు, ఒకేసారి. కొబ్బరుండ ఒకటే ఉంటే ఒకరు ముక్కలు చేయాలి, ఆ చేసిన పిల్ల చివర్న తీసుకోవాలి, ముక్కలు వాటంతటవే సమానమవుతాయి. కాకెంగిలి చేసుకోవడం ముచ్చటైనదే గానీ అది ఇద్దరి మధ్య రహస్యంలా మారి మూడో పిల్లని ఊరించడానికి వాడతారు, వర్షాకాలంలో జలుబులు దగ్గులు ఎలాగూ ఉన్నాయి, వద్దనే చెబుతాను. ఇంకో మాట సూటిగా. మన ఊళ్ళల్లో ఏ పిల్ల వంటింటి దాకా రావచ్చో, ఏ పిల్ల అరుగు దగ్గరే ఆగాలో పెద్దవాళ్ళు నోటితో చెప్పకపోయినా పిల్లలు కనిపెట్టేస్తారు, "నువ్వు లోపలికి రాకూడదు" అని దాన్ని ఆయుధంగా వాడతారు. మీ ఇంట్లో అలాంటి తేడా ఏదన్నా ఉంటే ముందు అది పోవాలి. ముగ్గురికీ ఒకే గ్లాసులు, ఒకే చోటు. అది కుదరనంత కాలం పిల్లకి ఎన్ని ఆటలు నేర్పినా లాభం లేదు.

ముగ్గురూ ఒకే బడికో అంగన్‌వాడీకో వెళ్తుంటే టీచరమ్మకి ఒకే ఒక్క విన్నపం చేయండి, పెద్ద కథ వద్దు: లైన్లో చెయ్యి పట్టుకునే జతలు, పళ్ళేలు పంచే జతలు రోజూ మార్చమని. పేర్లు రాసిన చీటీలు తీస్తే ఇంకా మేలు. "వీళ్ళిద్దర్నీ విడదీసి కూర్చోబెట్టండి" అని మాత్రం అడగొద్దు, అది పాపకి శిక్ష, కొత్త పిల్లకి నింద.

ఇప్పుడు మీరు చివర్లో రాసిన మాట. నాన్న మార్చిలో వెళ్ళారు, జూన్‌లో స్నేహితురాలు చేజారిపోతున్నట్టు కనిపించింది. ఒకరు వెళ్ళిపోవడం చూసిన పిల్ల రెండోవాళ్ళని గట్టిగా పట్టుకుంటుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను ఖాయంగా చెప్పలేను గానీ, ఉన్నట్టే అనుకుని నడుచుకోవడంలో నష్టమేమీ లేదు. వీడియో కాల్ రోజూ ఒకే వేళకి పెట్టండి. కువైట్ మన కంటే రెండున్నర గంటలు వెనక, మనకి రాత్రి ఎనిమిదంటే అక్కడ సాయంత్రం ఐదున్నర, ఆయన డ్యూటీని బట్టి చూసుకోండి. కాల్‌లో "అల్లరి చేశావటగా" అని పితూరీల విచారణ జరక్కూడదు. ఆయన చిన్నప్పటి ఆటలు చెప్పినా, ఇద్దరూ కలిసి ఒకే బొమ్మ గీసినా సరిపోతుంది. ఫోన్ పెట్టేసేటప్పుడు మళ్ళీ ఎప్పుడో చెప్పాలి, బొట్టుబిళ్ళల క్యాలెండర్ అక్కడా పనికొస్తుంది.

మార్పు రావడానికి నెల నుంచి నెలన్నర చూడండి. ఏడుపు మాయం కావడం గుర్తు కాదు. ఏడుపు తొందరగా ఆగడం, చెయ్యి బదులు నోరు రావడం, కొత్త పిల్లని "ఆ పిల్ల" అనకుండా పేరుతో పిలవడం, ఇవి గుర్తులు. జ్వరం వచ్చి తగ్గాక, సంక్రాంతికి చుట్టాల పిల్లలు దిగినప్పుడు, ఎదురింటి పాపకి కొత్త సైకిలొచ్చినప్పుడు మళ్ళీ మొదటికొచ్చినట్టు ఉంటుంది. అప్పుడు ముగ్గురి సమయాన్ని మళ్ళీ అరగంటకి తగ్గించండి, నాలుగు రోజుల్లో దారికొస్తుంది.

రెండు మూడు నెలలైనా కొట్టడం, కొరకడం తగ్గకపోయినా, మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలైనా, తిండీ నిద్రా చెడినా, ఏ పిల్లతోనూ కలవలేకపోతున్నా పిల్లల డాక్టర్‌కి చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలకి ఏడాదికి రెండుసార్లు పరీక్షలు చేస్తారు, ఆ బృందం వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పవచ్చు. ఒంటరిగా సంసారం ఈదుతున్న మీకే భారంగా ఉంటే మనసు బాగోనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కి చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఒక్కటి తోసిపుచ్చకుండా చూసుకోండి. మీ పాప భయం నిజమే అయి ఉండొచ్చు. పక్కింటి పాప, కొత్త పిల్ల ఇద్దరూ కలిసి మీ పాపని నిజంగానే పక్కన పెడుతుండొచ్చు, మీరు చూసే వేళకి మీ పాప తోసిన తోపు ఒక్కటే కనపడుతుండొచ్చు. మొదటి రెండు సాయంత్రాల గమనికలో అది తేలుతుంది: గుసగుసలు, పాప దగ్గరికి రాగానే చోటు మార్చడం, పిలిచినా పలక్కపోవడం. అలా అయితే ఆ ఇద్దర్నీ బతిమాలించకండి. ముగ్గురి రోజులు ఓ రెండు వారాలు ఆపి, బడిలోంచో వెనక వీధిలోంచో ఇంకో పిల్లని వెతికి, పైన చెప్పిన పద్ధతిలోనే, అరగంట, పక్కపక్కన కూర్చునే పనితో మొదలుపెట్టండి. ఇంకో జట్టు కుదిరాక పాత వీధి ఆటకి మళ్ళీ పంపవచ్చు.